గుంతకి బిల్లు ఉంది, మొక్కకి బిల్లు ఉంది, ఇంకిన నీటికి లేదు

మొన్న మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒకడు వాషింగ్టన్ రోడ్ల పక్కనుండే రెయిన్ గార్డెన్ల (వాననీటిని పట్టి నేలలోకి ఇంకించే తోటల) ఫోటోలు పెట్టి "మన విజయవాడకి ఇలాంటివి ఎప్పుడొస్తాయిరా" అని రాశాడు. ఇక దాని కింద ఒకటే గొడవ, మన జనానికి సివిక్ సెన్స్ లేదని ఒకడు, మన నాయకులకి విజన్ లేదని ఇంకొకడు, ఇవన్నీ మేకలు తినేస్తాయిరా అని మూడోవాడు. మేకల పాయింటులో కొంత నిజం ఉంది. మిగతా రెండూ నాకు ఎక్కలేదు, ఎందుకంటే నేను మేరీలాండ్‌లో ఆ ఫోటోల్లో ఉన్నలాంటి తోటల్ని ఇన్‌స్పెక్షన్ చేసే ఉద్యోగమే చేస్తున్నా, ఇక్కడి జనం వాటిల్లో ఏమేం పడేస్తారో రోజూ చూస్తున్నా, సివిక్ సెన్స్ గురించి నాకు చెప్పొద్దు. ఒక తోట మూడేళ్ల తర్వాత బతికుందా లేదా అన్నది చాలావరకు దాన్ని కట్టించిన అగ్రిమెంట్‌లో డబ్బు ఎప్పుడు, దేనికి ఇస్తామని రాశారో దాన్ని బట్టే ఉంటుంది. గ్రూపులో ఇంత పొడుగు రాస్తే తిడతారని ఇక్కడ రాస్తున్నా.

అమెరికా రాకముందు కొన్నాళ్లు మా బాబాయ్ దగ్గర పనిచేశా. ఆయన గుంటూరు వైపు మున్సిపల్ పనులు చేసే చిన్న కాంట్రాక్టరు, సీసీ రోడ్లు, సైడు కాలవలు, కల్వర్టులు, కొన్నేళ్లుగా డివైడర్లలో మొక్కలు, పార్కులు, ఇంకుడు గుంతలు కూడా. ఇప్పటికీ ఆదివారం ఫోన్ చేస్తే ఇంటి సంగతులు రెండు నిమిషాల్లో అయిపోతాయి, మిగతా అంతా రావాల్సిన బిల్లుల గురించే. కింద రాసేదాంట్లో మన వైపు సంగతులు సగం ఆయన నోటి నుంచి వచ్చినవే.

మన దగ్గర పని ఎలా మొదలవుతుందో తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయండి. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, ఎస్టిమేట్ వేస్తాడు. ఎస్‌ఎస్‌ఆర్ అని ప్రభుత్వం రేట్ల పుస్తకం ఉంటుంది, మట్టి తవ్వకం దగ్గర్నుంచి కాంక్రీటు దాకా ప్రతి ఐటమ్‌కీ ఒక రేటు, ఆ రేట్లతో కట్టిన మొత్తం మీద కాంట్రాక్టర్లు ఇన్ని శాతం ఎక్కువకి చేస్తామనో తక్కువకి చేస్తామనో కోట్ చేస్తారు, ఎక్కువైతే ఎక్సెస్, తక్కువైతే లెస్. ఉమ్మడి రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ 2003లోనే వచ్చింది, దేశంలో చాలా రాష్ట్రాలకన్నా ముందు, దాంతో టెండర్ బాక్సు దగ్గర మనుషుల్ని పెట్టి కాపలా కాయడాలు, ఎదుటివాడి షెడ్యూలు లాక్కుని చింపడాలు బాగా తగ్గాయి, అది నిజంగా మంచి పనే. అదే ఏడాది వచ్చిన జీవో 94 ఎక్సెస్‌కి 5 శాతం దగ్గర గీత గీసింది, లెస్ 25 శాతం దాటితే ఆ తేడాకి అదనంగా సెక్యూరిటీ కట్టమంది. మరీ తక్కువకి వేసినవాడు పనిని నాశనం చేస్తాడని గవర్నమెంటుకీ తెలుసన్నమాట. తెలిసినా గెలిచేది మాత్రం ఎల్-1 గాడే, అంటే అందరికన్నా తక్కువ వేసినవాడే.

సీసీ రోడ్డుకి ఈ పద్ధతి ఎలాగోలా నడుస్తుంది. క్యూబులు తీసి ల్యాబుకి పంపొచ్చు, కోర్ కట్ చేసి మందం చూడొచ్చు, రెండేళ్ల డిఫెక్ట్ లయబిలిటీలో పగుళ్లొస్తే పిలిచి పూడ్పించొచ్చు, బిల్లుల్లోంచి ఎఫ్‌ఎస్‌డీ అని కోసి ఉంచిన డిపాజిట్ డబ్బు మున్సిపాలిటీ దగ్గరే ఉంటుంది కాబట్టి కాంట్రాక్టరు వస్తాడు. పైగా రోడ్డు వేసిన రోజు ఎలా ఉందో ఆ రోజే అది మంచి స్థితిలో ఉన్నట్టు, అక్కణ్ణుంచి అరగడమే. మొక్కలూ వాననీటి తోటలూ దీనికి పూర్తిగా రివర్సు. నాటిన రోజు అవి దేనికీ పనికిరావు, రెండు మూడేళ్లు సాకితే అప్పుడు పని మొదలెడతాయి. కానీ మనం డబ్బంతా నాటిన రోజే ఇచ్చేస్తాం.

డివైడర్ మొక్కల పనిలో ఐటమ్స్ చూడండి. గుంత తవ్వడం, ఎర్రమట్టి నింపడం, పశువుల ఎరువు, మొక్క ఖరీదు, రవాణా, నాటడం, ట్రీ గార్డు, ఆ తర్వాత ఇన్ని నెలలు నీళ్లు పోసి సాకడం. నేనొకసారి బాబాయ్‌ని అడిగా, 20 లెస్‌కి తెచ్చుకున్న పనిలో ఆ 20 ఎక్కణ్ణుంచి తీస్తారు బాబాయ్ అని. "ఒరే, గుంత తక్కువ తవ్వితే కొలుస్తారు. ట్రీ గార్డులు ఎగ్గొడితే లెక్కపెడతారు. మొక్క దగ్గర నిలబడి లొకేషన్ పడేటట్టు ఫోటో తీసి పెట్టమంటారు. ఎవడూ కొలవంది నీళ్ల ట్యాంకరొక్కటే కదా. మే నెల్లో రోజు విడిచి రోజు తిరగాల్సిన ట్యాంకరు వారానికోసారి తిరుగుతుంది, ఎవరైనా అంతే, నీతిమంతుడు అంత లెస్ వెయ్యడు, వెయ్యకపోతే పని రాదు." ఆయన ఇది తప్పు ఒప్పుకున్నట్టు చెప్పలా, లెక్క చెప్పినట్టు చెప్పాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది, నాకు ఇదే అసలు చిక్కు అనిపిస్తుంది. కట్టడానికి వచ్చే డబ్బు, సాకడానికి వచ్చే డబ్బు వేరే వేరే జేబుల్లోంచి వస్తాయి. పార్కు కట్టడానికి అమృత్ అనో ఇంకో స్కీము అనో పైనుంచి క్యాపిటల్ ఫండ్స్ వస్తాయి, శిలాఫలకం ఉంటుంది, ఓపెనింగ్ ఉంటుంది. నీళ్లు పోసే డబ్బు మాత్రం మున్సిపాలిటీ జనరల్ ఫండ్‌లోంచి రావాలి, అందులోంచి శానిటేషన్ జీతాలు, కరెంటు బిల్లులు పోను ఏం మిగులుతుందో కమిషనర్లని అడిగితే చెప్తారు. అందుకే మెయింటెనెన్స్ అనే ఐటమ్ ఎస్టిమేట్‌లో చివర ఎక్కడో, ఒక్క లైన్‌లో, లంప్‌సమ్‌గా ఉంటుంది. ఆ ఒక్క లైనే మొక్క ప్రాణం.

ఇంకుడు గుంతల సంగతి ఇంకా ఘోరం. ఎం-బుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, పొడవు, వెడల్పు, లోతు ఎక్కుతాయి, అడుగున పెద్ద కంకర, పైన చిన్న కంకర, ఆపైన ఇసుక, ఒక్కో పొర ఎంతో ఎక్కుతుంది. కొలతలు కరెక్టుగానే ఉంటాయి. కానీ రోడ్డు వాలు అటువైపు ఉంటే గుంత ఇటువైపు ఉంటుంది, లేదా ఎత్తు మీద ఉంటుంది, నీళ్లు దానిలోకి వచ్చే దారే ఉండదు. దారి ఉన్నచోట మొదటి వానకే బురదంతా వచ్చి ఇసుక మీద పేరుకుని పైన గట్టి పెచ్చు కట్టేస్తుంది, రెండో వానకి అది ఇంకుడు గుంత కాదు, దోమల గుంత. ఇందులో ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు చూడండి. ఘనపు మీటర్లకి డబ్బిస్తామన్నారు, ఘనపు మీటర్లు వచ్చాయి. ఎన్ని లీటర్లు ఇంకాయి అన్నదానికి అగ్రిమెంట్‌లో ఎక్కడా రూపాయి లేదు కాబట్టి ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

ఇదంతా చదివి "మన ఇండియా ఇంతే" అనేవాళ్లుంటారు, ఆగండి. ఇక్కడ అమెరికా మున్సిపాలిటీల్లో కూడా మామూలు పద్ధతి ఇదే. ఒక కన్సల్టెంటు డిజైన్ చేస్తాడు, తర్వాత బిడ్లు పిలుస్తారు, షరతులన్నీ తీర్చి పని చేయగల స్తోమత ఉన్నవాళ్లలో తక్కువ వేసినవాడికి ఇచ్చేస్తారు. ఆ తక్కువ వేసినవాడు మామూలుగా రోడ్ల పనులు, పైపుల పనులు చేసే కంపెనీ. వాళ్లకి మట్టి అంటే దిమ్మిసా కొట్టి గట్టిపరచాల్సిన వస్తువు, జీవితమంతా అదే చేశారు పాపం. రెయిన్ గార్డెన్‌లో మట్టి గుల్లగా ఉండాలి, ఇసుకా కంపోస్టూ కలిపిన ప్రత్యేకమైన మట్టి అది, దాని మీద ఎక్స్‌కవేటర్ ఒక్కసారి ఎక్కి దిగితే చాలు, పైకి తోట బ్రహ్మాండంగా ఉంటుంది, లోపలికి చుక్క దిగదు. ఇంకో తమాషా ఏంటంటే చుట్టుపక్కల కన్‌స్ట్రక్షన్ ఇంకా అవకుండానే తోట ముందు కట్టేస్తారు, పక్క సైటు బురదంతా వచ్చి దీంట్లో పడుతుంది. తర్వాత గడ్డి కోసే కాంట్రాక్టు వేరేవాడిది, వాడికి కలుపేదో మొక్కేదో తెలియదు, మెషీన్‌తో అన్నీ నున్నగా కోసేస్తాడు. నీళ్లు ఇంకేలా వేసే పేవర్లు ఉంటాయి, వాటి సందుల్లో దుమ్ము నిండకుండా అప్పుడప్పుడూ వాక్యూమ్ బండితో లాగించాలి, ఆ బండి ఎవరు కొనాలో తేలేలోపు సందులు నిండిపోతాయి. నేను ఇన్‌స్పెక్షన్ రిపోర్టుల్లో రాసేది ఎక్కువగా ఇవే.

మరి ఇక్కడ కొన్ని ఊళ్లు ఎందుకు దారి మార్చాయంటే ప్రకృతి మీద ప్రేమతో కాదు, కోర్టు భయంతో. పాత నగరాల్లో వాననీరూ మురుగునీరూ ఒకే పైపులో పోతాయి, గట్టి వాన పడితే ఆ కలగూరగంప అంతా నదిలోకి పొంగుతుంది, వాషింగ్టన్‌లో దాదాపు మూడోవంతు ఊరు అలాంటిదే. క్లీన్ వాటర్ యాక్ట్ కింద ఈపీఏ అనే కేంద్ర పర్యావరణ సంస్థ కేసులేసి, ఇన్నేళ్లలో ఇంత పొంగు తగ్గిస్తామని కోర్టు ముందు రాతపూర్వకంగా ఒప్పించింది. ఒప్పుకున్నాక తోటలు కట్టాం అని చూపిస్తే సరిపోదు, తగ్గిందా లేదా చూపించాలి. అప్పుడు గానీ కాంట్రాక్టుల వైపు చూడలేదు.

ముందు ప్రిన్స్ జార్జెస్ కౌంటీ సంగతి చెప్తా, మనవాళ్లకి బాగా తెలిసిన కౌంటీ, లాన్‌హామ్ శివవిష్ణు గుడి ఉన్నది అక్కడే. చెసపీక్ బే బాగుపడాలని మేరీలాండ్ రాష్ట్రం 2014 పర్మిట్‌లో వీళ్లకి పెట్టిన షరతు ఏంటంటే, కట్టడి లేకుండా వాననీరు వదిలేస్తున్న కాంక్రీటు, తారు నేలలో 20 శాతానికి అయిదేళ్లలో ఏదో ఒక ఏర్పాటు చెయ్యాలి. అంటే వేల ఎకరాలు. మామూలు టెండర్ల పద్ధతిలో ఒక్కో చిన్న తోటకీ డిజైను, బిడ్డు, అగ్రిమెంటు అంటూ పోతే ఆఫీసులో ఫైళ్లు కదలడానికే అయిదేళ్లు సరిపోవు. అందుకని 2015లో కోర్వియాస్ అనే ప్రైవేటు కంపెనీతో 30 ఏళ్ల పార్ట్‌నర్‌షిప్ రాసుకున్నారు. మొదటి విడత 2,000 ఎకరాలకి 10 కోట్ల డాలర్లు, అది బాగా చేస్తే ఇంకో 2,000 ఎకరాలు. డిజైను, కట్టడం, తర్వాత సాకడం అన్నీ ఒకే గొడుగు కింద. కట్టినవాడే సాకాలి అనేసరికి కట్టేటప్పుడే జాగ్రత్త వస్తుంది, గడ్డి కోసేవాడు ఇంజినీరు మీద, ఇంజినీరు గడ్డి కోసేవాడి మీద చెప్పుకునే వీలు పోతుంది.

నాకు అందులో ఎక్కువ నచ్చింది వేరే. ఆ కంపెనీకి వచ్చే ఫీజులో కొంత భాగాన్ని ఎకరాలతో పాటు స్థానిక చిన్న కంపెనీలకి, మైనారిటీల కంపెనీలకి ఎంత పని ఇచ్చారు అన్నదానితో కూడా ముడిపెట్టారు. లక్ష్యం 30, 40 శాతం మధ్య. ఇక్కడ చిన్న ల్యాండ్‌స్కేపింగ్ వాడికి గవర్నమెంటు పని ఎందుకు దొరకదంటే వాడికి పని రాక కాదు, పర్ఫార్మెన్స్ బాండ్, అంటే పని పూర్తిచేస్తాడని హామీ, ఇచ్చేవాడు దొరక్క. మన దగ్గర ఈఎండీ అనే టెండర్ డిపాజిట్టు, బ్యాంకు గ్యారంటీ, పాత టర్నోవరు సర్టిఫికెట్ల దగ్గర చిన్నవాళ్లు ఆగిపోయినట్టే. పెద్ద కంపెనీ బాండు భారం మోసి, కింద చిన్నవాళ్లకి ముక్కలు ముక్కలుగా పనిచ్చి, నేర్పించే ప్రోగ్రాం కూడా పెడితే వాళ్లు లోపలికి రాగలిగారు. నా అనుమానం ఒకటుంది, 30 ఏళ్లు ఒకే కంపెనీ చేతిలో పెట్టాక రేపు రేటు ఎక్కువనిపిస్తే పోల్చుకోడానికి పక్కన ఎవరుంటారు? టెండర్‌కి ఉన్న ఒకే ఒక్క గొప్ప గుణం అదే కదా, ఎవడి రేటెంతో అందరికీ కనిపిస్తుంది.

డబ్బెక్కడిది అంటారేమో, ఆస్తి పన్నుతో పాటు క్లీన్ వాటర్ యాక్ట్ ఫీజు అని విడిగా వసూలు చేస్తారు, మీ స్థలంలో ఎంత కాంక్రీటుంటే అంత. దీన్ని ఇక్కడి జనం వాన పన్ను అని వెక్కిరించారు, రాజకీయం కూడా గట్టిగానే నడిచింది. గుళ్లు, చర్చిలు మా స్థలంలో తోట వేసుకుంటాం అంటే ఫీజు తగ్గించే ఏర్పాటు కూడా ఉంది, వాళ్ల పార్కింగ్ లాట్లు అంత పెద్దవి మరి.

ఫిలడెల్ఫియా వాళ్లు ఇంకో దారి పట్టారు. 2011లో ఆమోదం పొందిన 25 ఏళ్ల ప్లాన్ వాళ్లది, అంతకు ఒక ఏడాది ముందే వాననీటి బిల్లుని నీటి మీటరు నుంచి తీసేసి స్థలంలో ఎంత కాంక్రీటుందో దాని మీదకి మార్చేశారు, దాంతో పెద్ద పార్కింగ్ లాట్లు ఉన్న గోడౌన్లకీ మాల్స్‌కీ బిల్లులు గుండె ఝల్లుమనేలా వచ్చాయి. వాళ్ల లెక్క అంతా గ్రీన్డ్ ఎకర్ మీద నడుస్తుంది, ఒక ఎకరం కాంక్రీటు మీద పడే కనీసం ఒక అంగుళం వానని పట్టుకోగలిగితే అది ఒక గ్రీన్డ్ ఎకర్. మొత్తం దాదాపు 10,000 కావాలి. రోడ్లలో కట్టడం ఖరీదు, తవ్వితే గ్యాసు పైపు, కేబులు, వందేళ్ల నాటి ఏదో ఒక గోడ, ప్రతిదానికీ ఛేంజ్ ఆర్డరు. ప్రైవేటు పార్కింగ్ లాట్‌లో అవేం ఉండవు. అందుకని 2012 నుంచి స్థలం ఓనర్లకి, 2014 నుంచి కాంట్రాక్టర్లకి నేరుగా గ్రాంటు ఇవ్వడం మొదలెట్టారు. రెండోది చాలా తెలివైనది, కాంట్రాక్టరే ఊరంతా తిరిగి ఓనర్లని ఒప్పించి పది ఎకరాల పైన పోగేసుకుని వస్తాడు, సిటీ ఎకరానికి ఇంత అని ఇస్తుంది. ఓనర్‌కి బిల్లు తగ్గుతుంది, దానికి బదులు సాకుతానని సంతకం పెడతాడు.

అంటే సిటీ ఇక్కడ కొంటున్నది తవ్వకమూ కంకరా ఇసుకా కాదు, వాన పట్టుకునే ఎకరాలు. గుంత ఎంత లోతు తవ్వావో, కంకర ఎక్కణ్ణుంచి తెచ్చావో డిజైన్ రివ్యూలో చూస్తారు తప్ప ఐటమ్ రేటు అడగరు. మా బాబాయ్‌కి ఇది చెప్తే ఆయనకి చాలాసేపు నమ్మకం కుదర్లేదు, "ఐటమ్ రేటు లేకుండా ఆడిట్ వాళ్లు ఎట్టా ఊరుకుంటార్రా" అన్నాడు. మన సిస్టంలో ఏఈకి నిజంగానే ఆ భయం ఉంటుంది, ఎస్‌ఎస్‌ఆర్‌లో లేని ఐటమ్‌కి రేటు పెడితే రిటైరయ్యాక కూడా ఆడిట్ అభ్యంతరాలు (పేరాలు) రాస్తారని.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ వాషింగ్టన్‌ది. డీసీ వాటర్ అంటే అక్కడి నీళ్లూ మురుగూ చూసే సంస్థ, 2005లో కోర్టు ఒప్పందం ప్రకారం పెద్ద పెద్ద సొరంగాలు తవ్వుతున్నారు. 2016 జనవరిలో ఆ ఒప్పందాన్ని మార్పించుకుని కొంత భాగం సొరంగం బదులు తోటలతో ప్రయత్నిస్తాం అన్నారు. రాక్ క్రీక్ వైపు కాలనీల్లో మొదటి విడతగా 20 ఎకరాల మేర. అయితే వాళ్లకే నమ్మకం లేదు, ఇంత పెద్ద ఎత్తున తోటలు పెడితే పైపులోకి వచ్చే నీరు ఎంత తగ్గుతుందో ఎవరి దగ్గరా గట్టి లెక్క లేదు. సొరంగం అయితే ఎన్ని గ్యాలన్లు పడుతుందో కాగితం మీద ముందే తెలుస్తుంది.

అప్పుడు 2016 సెప్టెంబరులో 2.5 కోట్ల డాలర్ల బాండు, అంటే ఇన్వెస్టర్ల దగ్గర అప్పు తీసుకునే పత్రం, ఒకటి తయారు చేశారు, ఎన్విరాన్‌మెంటల్ ఇంపాక్ట్ బాండ్, దేశంలో అదే మొదటిది. కొన్నది గోల్డ్‌మాన్ శాక్స్, కాల్వర్ట్ ఫౌండేషన్. వడ్డీ 3.43 శాతం. మామూలు బాండుకీ దీనికీ తేడా ఎక్కడంటే, తోటలు కట్టకముందు పైపుల్లో నీరు కొలుస్తారు, కట్టాక మళ్లీ కొలుస్తారు. తగ్గుదల 41.3 శాతం దాటితే డీసీ వాటర్ ఇన్వెస్టర్లకి 33 లక్షల డాలర్లు అదనంగా ఇస్తుంది. 18.6 శాతం కన్నా తక్కువైతే ఇన్వెస్టర్లే 33 లక్షలు డీసీ వాటర్‌కి తిరిగి ఇవ్వాలి. ఈ రెండిటి మధ్యలో పడితే ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు.

బాగా పనిచేస్తే ఎక్కువ డబ్బు ఎందుకివ్వాలి అని మొదట చదివినప్పుడు నాకూ అనిపించింది. కానీ బాగా పనిచేస్తే మిగతా కాలనీల్లో తక్కువ తోటలు కట్టినా సరిపోతుంది, ఆ మిగిలిన డబ్బులోంచే ఈ బోనస్. పనిచెయ్యకపోతే కోర్టు ముందు వేరే దారి చూసుకోడానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చులో కొంత ఇన్వెస్టర్ల మీద పడుతుంది. లెక్క రెండువైపులా సరిపోయింది.

ఫలితం 2021లో వచ్చింది. దాదాపు 20 శాతం తగ్గింది. అంటే మధ్య గదిలో, అదీ గోడకి ఆనుకుని. ఎవరూ ఎవరికీ పైసా ఇవ్వలేదు. పేపర్లలో సక్సెస్ అని రాశారు, నేను కాదనను, కానీ కొంచెం తక్కువ తగ్గి ఉంటే అదే పేపర్లు ఇంకోలా రాసేవి. పైగా ఆ మధ్య గది ఎంత విశాలంగా కట్టుకున్నారంటే ఫలితం అందులోనే పడే అవకాశం 95 శాతం అని ముందే లెక్కేసుకున్నారు. గోల్డ్‌మాన్ శాక్స్ వాళ్లు ఊరికే రిస్కు తీసుకుంటారని అనుకునేంత అమాయకత్వం మనకి అక్కర్లేదు. ఆ కొలతలు చూశాక రాక్ క్రీక్ వైపు తోటలతోనే మొత్తం నెట్టుకురావడం కుదరదని తేల్చుకుని, తోటలతో పాటు నీళ్లు నిలవ చేసే కట్టడం కూడా పెడదామని ప్లాన్ మార్చారు. నా దృష్టిలో ఆ బాండుతో కొన్న అసలు సరుకు ఆ సమాచారమే. డబ్బు ముడిపడి ఉంది కాబట్టి మీటర్లు పెట్టారు, మీటర్లు పెట్టారు కాబట్టి నిజం తెలిసింది, నిజం తెలిసింది కాబట్టి మిగతా డబ్బు గుడ్డిగా పొయ్యలేదు. లేకపోతే రిబ్బన్ కట్ చేసిన ఫోటోలు తప్ప ఏం మిగిలేది కాదు.

ఒకటి మాత్రం గమనించండి, ఆ బాండు రిస్కు ఇన్వెస్టర్ల మీద పడింది, గుంత తవ్విన కాంట్రాక్టరు మీద కాదు. అది సబబే. ఎంత వాన పడుతుందో, పైనుంచి ఎంత బురద వస్తుందో కాంట్రాక్టరు చేతిలో లేదు, దాన్ని తీసుకెళ్లి చిన్నవాడి మీద పెడితే వాడు ఆ భయానికి రేటు పెంచి కోట్ చేస్తాడు, లేదా తెలియక తక్కువకి వేసి మునిగిపోతాడు. ఎవరి చేతిలో ఉన్న పనికి వాళ్లని జవాబుదారీ చెయ్యాలి, మట్టి గుల్లగా ఉంచడం వాడి చేతిలో ఉంది, ఆ ఒక్కటీ కొలిచి డబ్బివ్వండి చాలు.

మన వైపు ఫలితం అడిగే ప్రయత్నం జరగలేదని కాదు. తెలంగాణ మున్సిపల్ చట్టం 2019లో బడ్జెట్‌లో 10 శాతం హరిత బడ్జెట్ పెట్టాలన్నారు, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్నారు, బతక్కపోతే వార్డు మెంబరు పదవికే ఎసరు. అంతకు ముందు పంచాయతీరాజ్ చట్టంలో సర్పంచులకీ ఇదే పెట్టారు. చదవగానే నేను భలే అనుకున్నా, కానీ చూడండి, శిక్ష పడేది ఎన్నికైన మనిషికి, డబ్బు తీసుకునేది వేరేవాళ్లు, వాళ్ల అగ్రిమెంట్‌లో ఆ 85 ఉందో లేదో ఎవరు చూశారు? ఇంకో సంగతి, బతికితే చాలు అన్నప్పుడు జనం ఏం నాటుతారు? చావనిది నాటుతారు. డివైడర్లన్నీ కోనోకార్పస్ అనే మొక్కతో నిండిపోవడానికి ఇలాంటి లెక్కలు ఒక కారణమని నా నమ్మకం, అది నీళ్లు పొయ్యకపోయినా పచ్చగా ఉంటుంది, ఏడాదిలో గుబురుగా లేస్తుంది, ఫోటోకి బాగుంటుంది. తర్వాత దాన్ని నాటొద్దని తెలంగాణలోనే చెప్పాల్సొచ్చింది. ఏ అంకె మీద డబ్బు పెడితే ఆ అంకె వస్తుంది, పక్కనున్నవన్నీ గాలికి పోతాయి.

మన దేశంలోనే దీనికి దగ్గరి మోడల్ ఒకటుంది, అది గంగ వైపు మొదలైంది. నమామి గంగేలో మురుగు శుద్ధి ప్లాంట్లకి హ్యామ్ అనే పద్ధతి పెట్టారు, హైబ్రిడ్ యాన్యుటీ. 2017లో వారణాసిలో 50 ఎంఎల్‌డీ (రోజుకి 5 కోట్ల లీటర్ల) ప్లాంటు, హరిద్వార్‌లో 68 ఎంఎల్‌డీది దీని కింద మొదటివి. కట్టేటప్పుడు 40 శాతమే ఇస్తారు, మిగతా 60 శాతం 15 ఏళ్ల పాటు ప్లాంటు నడిపి, బయటకొచ్చే నీరు చెప్పిన ప్రమాణానికి ఉంటేనే వాయిదాల్లో వస్తుంది. ప్లాంటు అంటే కాంక్రీటూ మోటార్లే, గ్రీన్ అని ఎవరూ అనరు, కానీ కాంట్రాక్టు బుర్ర మాత్రం సరిగ్గా మనక్కావలసిందే. నగరం నడిబొడ్డున చెరువుకీ, పార్కుకీ, డివైడర్ మొక్కలకీ ఇదే లెక్క చిన్న సైజులో ఎందుకు పెట్టకూడదు? 15 ఏళ్లు అక్కర్లేదు, మూడేళ్లు చాలు. నాటినప్పుడు సగం ఇవ్వండి, మిగతా సగం ప్రతి వేసవి తర్వాత జూన్‌లో బతికున్న మొక్కలు లెక్కపెట్టి ఇవ్వండి, ఏ జాతులో ముందే రాసి పెట్టండి.

ఎల్-1 తప్ప రూల్స్ ఒప్పుకోవు అనే మాట కూడా ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన సూచనల్లో వర్క్స్‌కి కూడా, నాణ్యత ముఖ్యమని ప్రకటించిన పనుల్లో, క్వాలిటీకి 30 శాతం దాకా మార్కులు పెట్టుకోవచ్చన్నారు. అది కేంద్రం పనులకి, మున్సిపాలిటీలు తమ రాష్ట్రం రూల్స్ చూసుకోవాలి, కానీ తలుపు తెరిచే ఉందని చెప్పడానికి అది చాలు. నన్నడిగితే క్వాలిటీ మార్కుల కన్నా మెయింటెనెన్స్‌ని విడి ఐటమ్ చేసి నెలనెలా బిల్లు పెట్టడమే ముందు జరగాలి. క్వాలిటీ మార్కులు ఎవరు వేస్తారు, ఎలా వేస్తారు అన్నదాంట్లో మన దగ్గర చాలా కథలు నడుస్తాయి, బతికున్న మొక్కని లెక్కపెట్టడంలో అన్ని కథలు నడవవు.

ఇదంతా ఫోన్‌లో చెప్తే బాబాయ్ నవ్వాడు, కానీ మనిషి ఊరుకోలేదు. తర్వాత ఒక మున్సిపాలిటీలో పార్కు పని టెండర్ వస్తే ప్రీ-బిడ్ మీటింగ్‌కి నిజంగానే రాతలో ప్రశ్న పెట్టాడు, మెయింటెనెన్స్ లంప్‌సమ్ తీసేసి బతికున్న మొక్కకి నెలకింత అని విడి ఐటమ్‌గా మార్చే వీలుందా, మారిస్తే బిడ్డర్లందరికీ ఒకటే కదా అని. నన్ను డ్రాఫ్ట్ రాసిపెట్టమన్నాడు కూడా, నేను ఇంగ్లీషులో పొడుగ్గా రాస్తే ఆయన దాన్ని నాలుగు లైన్లకి కోసేశాడు, ఎవరు చదువుతార్రా అని. వారం తర్వాత పోర్టల్‌లో జవాబు పెట్టారు, "టెండర్ షరతుల ప్రకారమే." మీటింగ్ అయ్యాక మాత్రం అక్కడి డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) పక్కకి పిలిచి, ఐడియా బాగుందండీ, నెలనెలా మొక్కలు లెక్కపెట్టడానికి నా దగ్గర మనుషులెవరున్నారు, ఉన్న ఇద్దరు వర్క్ ఇన్‌స్పెక్టర్లూ డ్రెయిన్ల మీదున్నారు అన్నాడంట. ఆ మాట న్యాయమే, వాషింగ్టన్ వాళ్ల మీటర్లకీ ఇంజినీర్లకీ ఆ ప్రాజెక్టులోంచే డబ్బెళ్లింది, ఈయన ఎస్టిమేట్‌లో లెక్కపెట్టేవాడి జీతానికి ఐటమ్ లేదు. బాబాయ్ ఆ పనికి బిడ్ వేశాడు, 11 లెస్. ఇంకెవడో 23కి కొట్టుకుపోయాడు.